యెల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యెల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారి సంసారము పెద్దది, కలిమి చిన్నది.

సుబ్బారావు బాల్యమున పెద్దల మాటకు సులభముగా లొంగెడివాడు కాడు. చదువుపై మనసు నిలువదు. తలచినది చేసి తీరవలెనను పట్టు మాత్రము మెండు. పదుమూడవ యేట, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి వెడలెను. తల్లి ఆతనిని మరలించి, తిరిగి చదువులో పెట్టెను. అయినను మెట్రిక్యులేషను పరీక్షలో ఆతడు రెండు పర్యాయములు తప్పెను. వెంకమ్మ ఆశ విడువలేదు. తుదకు చెన్నపట్టణమందలి హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడవ పర్యాయము ఉత్తీర్ణుడయ్యెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్నప్పుడు ఆతని మనసు మరియొక దారి పట్టెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపగోరెను. తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనజాలమని మఠమువారు తెలిపిరి. తల్లి అందులకు ఎంతమాత్రమును సమ్మతింపలేదు. ఇరువురును పట్టుదల గలవారే. అప్పుడు మఠమువారు, వైద్యము నేర్చి రోగులకు సేవ చేయవచ్చునని హితవు పలికిరి. తల్లి చెప్పిన చదువును, తాను కోరిన సేవయు ఒక్కటియైన ఆ మాట సుబ్బారావు మనసునకు నచ్చెను. ఆతని కోరికను ఎవరును త్రుంచివేయలేదు. దానికి తగిన దారి చూపిరి. అంతటితో ఆతని చదువు కుదురుకొనెను.

మదరాసు వైద్యకళాశాలలో చదువునకు మిత్రులును, పిమ్మట మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. పట్టుదల మాత్రము పోలేదు. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించుటచే ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే పొందెను. అన్నదమ్ములిద్దరు సంగ్రహణి వ్యాధిచే మరణించుట ఆతని హృదయమును కలచివైచెను.

పిమ్మట సుబ్బారావు అమెరికా చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, శరీరమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధకులకు నాయకత్వము వహించెను. సంగ్రహణిని మాన్పగల ఫోలిక్ ఆమ్లమును వారు కృత్రిమముగా తయారుచేసిరి. బోదకాలుకు డైఇథైల్ కార్బమజైన్ అను మందును కనుగొనిరి. 1948 ఆగస్టు మాసమున, ఏబది మూడేండ్ల వయసున, సుబ్బారావు అమెరికాలోనే కన్నుమూసెను.

నేడు నారాయణపేట ప్రాంతపు పల్లెలలో సైతము గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చెడి మాత్రలో ఇనుముతోపాటు ఆ ఫోలిక్ ఆమ్లమే కలదు. ఇల్లు విడిచిన బాలుని ఆశ వదలక మరలించిన తల్లి ఓర్పును, ఆతని మనసెరిగి మాటాడిన పెద్దల వివేకమును లేకున్నచో లోకమున కింతటి మేలు కలిగియుండునా?