ఏడు గింజలు తెచ్చిన సూఫీ

మన ఆదోని, ఎమ్మిగనూరులలో చాయ్‌దే రాజ్యం. అయినా తెల్లవారగానే ఫిల్టరులో కాఫీపొడి వేసి మరిగిన నీళ్లు పోసే ఇళ్లూ ఉన్నాయి. బొట్టుబొట్టుగా దిగే ఆ డికాషను వెనుక ఒక హాజీ ప్రయాణం ఉంది.

ఆయనే హజ్రత్ బాబా బుడన్ (రహ్మ.). పదిహేడవ శతాబ్దంలో హజ్ చేసి తిరిగి వస్తూ యెమెన్‌లోని మోఖా రేవుకు చేరారు. అక్కడ కాఫీ పేరు కహ్వా. రాత్రి జిక్ర్‌లో కునుకు రాకుండా సూఫీలు దానిని కాచుకుని తాగేవారు. ఈ వర్తకం చేజారకూడదని అక్కడివారు పచ్చి గింజను బయటికి పోనిచ్చేవారు కారు. మొలవకుండా వేయించో, ఉడకబెట్టో అమ్మేవారు.

బాబా ఏడు పచ్చి గింజలు దాచి తెచ్చి, 1670 ప్రాంతంలో చిక్కమగళూరు వద్ద చంద్రగిరి కొండల్లో నాటారని తరతరాలుగా చెప్పుకుంటారు. కాఫీ గింజకు మొలిచే శక్తి కొద్ది నెలలకే సన్నగిల్లుతుంది. కనుక సముద్రం దాటించి మొలిపించడం చిన్న పని కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లేయులు ఆ సీమలో పెద్ద తోటలు వేశారు. ఆ కొండలు నేడు బాబా బుడన్‌గిరి.

అక్కడి గుహను ముస్లిములు దర్గాగా, హిందువులు దత్తాత్రేయ పీఠంగా దర్శిస్తారు. దానిపై తగవు న్యాయస్థానాలకెక్కడం బాధాకరం. కాఫీ మాత్రం అందరి ఇళ్లకూ చేరింది.

డికాషనును మళ్లీ మరిగించకండి, చేదెక్కుతుంది. వేడి పాలు కలిపి, మొదటి గ్లాసు పొరుగువారికి అందించండి. వారు ఏ మతస్థులని అడగనక్కరలేదు.