కార్మిక నేత వరాహగిరి వేంకటగిరి

చోడవరం పరిసర గ్రామాలవారికి చెఱకు తోటలు ఎంత పరిచితాలో, గోవాడ సహకార చక్కెర కర్మాగారం పేరు కూడా అంతే పరిచితం. గానుగాట కాలంలో పని దొరికి, ఆ కాలం ముగియగానే ఇంటిదారి పట్టే కార్మికుని స్థితిని ఈ ప్రాంతపు విద్యార్థులకు వేరుగా వర్ణించనక్కరలేదు. అతనికి న్యాయంగా రావలసిన వేతనమెంత? అతనిని తొలగించే అధికారం యాజమాన్యానికి ఎంతవరకు ఉన్నది? ఇరువురికీ వివాదం కలిగితే పరిష్కరించేవారెవరు? మన దేశంలో ఈ ప్రశ్నలలో పెక్కింటికి చట్టం సమాధానం చెప్పడం ఇరవయ్యో శతాబ్దంలోనే మొదలైంది. ఆ చట్టాలు రూపుదిద్దుకొన్న కాలంలోనే సమ్మెలు నడిపి, మంత్రిగా పనిచేసి, తుదకు రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన తెలుగువాడు వరాహగిరి వేంకటగిరి.

ఆయన 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో పాల్గొని అరెస్టయిన ధీరురాలు. న్యాయశాస్త్రం చదవడానికి గిరి 1913లో ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరానికి వెళ్ళారు.

సరిగా ఆ సంవత్సరమే డబ్లిన్‌లో గొప్ప పోరాటం చెలరేగింది. కార్మిక సంఘంలో చేరినవారికి పని ఇవ్వబోమని యజమానులు ఏకమై, వేలాదిమందిని పనులనుండి వెళ్ళగొట్టారు. నెలల తరబడి పస్తులుండి కార్మికులు ఓడిపోయారు. సంఘంలో చేరడమనే చిన్న హక్కు కోసం మనుషులు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఆ నగరం లోకానికి చూపింది. అక్కడి స్వాతంత్ర్య యోధులతోను, జేమ్స్ కానలీ వంటి కార్మిక నాయకులతోను గిరికి పరిచయం కలిగింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత కానలీని బ్రిటిషు ప్రభుత్వం కాల్చి చంపింది. అనుమానితుడైన గిరిని దేశం విడిచి పొమ్మన్నది.

స్వదేశానికి వచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరిన ఆయన, 1920లో గాంధీజీ పిలుపు నందుకొని ఆ వృత్తిని త్యజించారు. ఆనాటి చట్టం కార్మికుని పక్షాన ఎంతమాత్రం లేదు. మద్రాసు బిన్నీ మిల్లుల కార్మికులను సంఘటితం చేసిన బి.పి.వాడియాపై యాజమాన్యం దావా వేయగా, హైకోర్టు ఆయన కార్యకలాపాలపై నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. కూలి పెంచమని కార్మికులను కూడగట్టడమే నేరప్రాయమైన రోజులవి. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం వచ్చిన తరువాతనే రిజిస్టరయిన సంఘాలకు, వాటి నాయకులకు ఇటువంటి దావాలనుండి రక్షణ లభించింది.

ఆ చట్టం వచ్చేనాటికే గిరి రైల్వే కార్మికుల మధ్య పనిచేస్తున్నారు. వాల్తేరునుండి కలకత్తా వైపు సాగే మార్గం అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీది. ఖరగ్‌పూర్‌లోని దాని కర్మశాలలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1927లో యాజమాన్యం కార్మికులను తగ్గించబూనగా సమ్మె, దరిమిలా లాకౌటు సంభవించాయి. గిరి నాయకత్వంలో కార్మికులు అహింసను వీడక నిలిచారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. దశాబ్దానికి పైగా దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక మహాసభలోను, తరువాత రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలోను భారత కార్మికులకు ప్రతినిధిగా పాల్గొన్నారు.

1937 ఎన్నికలలో అప్పటి మద్రాసు ప్రధాని బొబ్బిలి రాజాను ఆయన సొంతగడ్డపైనే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రిత్వం వహించారు.

అప్పుడు అమలులో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, వివాదం తలెత్తినప్పుడు ప్రభుత్వం దానిని ట్రిబ్యునలుకు నివేదించవచ్చు; తీర్పు ఇరుపక్షాలకూ శిరోధార్యం. గిరికి ఈ పద్ధతి నచ్చలేదు. న్యాయస్థానపు మెట్లెక్కిన తరువాత ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడుతారు. మరునాడు ఇద్దరూ ఒకే కర్మాగారంలో ముఖాముఖాలు చూసుకోవాలి కదా! పైగా తీర్పు కోసం ఎదురుచూచే సంఘం తన బలాన్ని తాను మరచిపోతుంది. కనుక యజమానులు సంఘాన్ని గుర్తించాలి, ఇరువురూ బేరమాడి ఒడంబడికకు రావాలి అన్నది ఆయన వాదం. దీనికి గిరి విధానమని పేరు వచ్చింది. అయితే బలహీనమైన సంఘాలకు ట్రిబ్యునలే దిక్కని భావించిన కార్మిక నాయకులు కూడా దానికి సమ్మతించలేదు. వారి భయం నిరాధారమైనదని అనలేము.

విచిత్రమేమంటే, ట్రిబ్యునళ్ళను అంతగా శంకించిన మంత్రి ఒక ట్రిబ్యునలు తీర్పు కోసమే పదవిని వదులుకొన్నారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై కార్మిక అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును కేంద్ర ప్రభుత్వం సవరించి, కొన్ని ప్రయోజనాలను తగ్గించింది. ఉద్యోగులను తీర్పుకు కట్టుబడమనే ప్రభుత్వమే దానిని మార్చడం గిరికి సమ్మతం కాలేదు. ఆ ఆగస్టులో రాజీనామా చేశారు. తరువాత నియమితమైన జస్టిస్ గజేంద్రగడ్కర్ కమిషన్ సిఫారసులపై 1955లో ప్రత్యేక చట్టం వచ్చి, ఆ తీర్పును చాలావరకు పునరుద్ధరించింది. 1966లో బ్యాంకు యాజమాన్యాలు, ఉద్యోగ సంఘాలు ట్రిబ్యునలు ప్రమేయం లేకుండా తమలో తాము తొలి ద్వైపాక్షిక ఒప్పందం కుదుర్చుకొన్నాయి. గిరి కోరినది అదే. అప్పటికి ఆయన మైసూరు గవర్నరు.

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగాను, ఉపరాష్ట్రపతిగాను పనిచేసి, 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి అయ్యారు. తన ఎన్నికపై వచ్చిన వ్యాజ్యంలో స్వయంగా సుప్రీంకోర్టుకు హాజరై సాక్ష్యమిచ్చారు. ఆయన పదవీకాలపు చివరి నెలలలో, 1974 మేలో, లక్షలాది రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. దానికి ముందు నిలిచినది ఆయన నిర్మించిన సమాఖ్యే. ప్రభుత్వం వేలాదిమందిని నిర్బంధించి, మూడు వారాలలో సమ్మెను అణచివేసింది. రాష్ట్రపతి మంత్రివర్గం సలహాకు బద్ధుడన్నది నిజమే. అయినా ఖరగ్‌పూర్ నాటి గిరిని ఎరిగినవారికి ఈ ఘట్టం మనస్సును కలచక మానదు.

ఆ ఆగస్టులో పదవీ విరమణ చేసిన గిరిని 1975లో భారతరత్న వరించింది. 1980 జూన్‌లో మద్రాసులో ఆయన కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.