ఆ గీత మన సుబ్బారావుగారిదే!

మా ఆడపడుచుకి మూడేళ్ళ క్రితం తలలో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత కరెంటు కూడా పెట్టించాం. మనిషి కోలుకుంది, తన వంట తనే వండుకుంటోంది, ఇక భయం లేదు అనుకుంటూండగా మొన్న శ్రావణంలో తీయించిన స్కానులో, గడ్డ తీసినచోటే మళ్ళీ ఓ తెల్లటి మచ్చ కనిపించింది. గడ్డే తిరిగి పెరుగుతోందా? లేక కరెంటు పెట్టినందువల్ల అక్కడి కణాలు దెబ్బతిని అలా కనిపిస్తున్నాయా? మామూలు స్కానులో ఈ రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయట. మొదటిదైతే మళ్ళీ తల తెరవాల్సి రావచ్చు. రెండోదైతే మందులు వాడుతూ కనిపెట్టుకుని ఉంటే చాలు. ఏదని తేలేదాకా పది రోజులపాటు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అన్నం సహించలేదు. మా ఐనవిల్లి సిద్ధి వినాయకుడికి నేను మొక్కని పూట లేదు.

డాక్టరుగారు ఎమ్మారై స్కానుతోపాటు స్పెక్ట్రోస్కోపీ అనే పరీక్ష కూడా చేయించమన్నారు. ముక్తేశ్వరం రేవులో పంటెక్కి, కోటిపల్లిలో దిగి, కాకినాడ వెళ్ళి చేయించాం. సూది లేదు, కత్తి లేదు. ఆ గొట్టంలాంటి మిషనులో మరి కాసేపు కదలకుండా పడుకోవడమే. చివరికి చేతికి వచ్చిన కాగితం మీద మెదడు బొమ్మ పక్కనే కొండలూ లోయలూ గీసినట్టు ఓ గీత ఉంది.

డాక్టరుగారు ఓపికగా చెప్పారు. మామూలు ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తే, ఇది అక్కడున్న రసాయనాలను చూపిస్తుందట. ఒక శిఖరం పేరు ఎన్.ఎ.ఎ. నాడీకణాలు ఆరోగ్యంగా ఉంటే అది ఎత్తుగా ఉంటుంది. ఇంకొకటి కోలీన్. కణాలు విచ్చలవిడిగా పెరుగుతున్నచోట అది లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది క్రియాటిన్. అది మిగతావాటికన్నా నిలకడగా ఉంటుంది కాబట్టి, కోలీన్ ఎంత పెరిగిందీ, ఎన్.ఎ.ఎ. ఎంత తగ్గిందీ దానితో పోల్చి చూస్తారు. మనం తూకం వేసేటప్పుడు రాయి పెట్టుకోమూ, అలాగన్నమాట.

క్రియాటిన్ అన్న మాట చెవిన పడగానే నాకు చప్పున మా డిగ్రీ కాలేజీ లేబు గుర్తొచ్చింది. పరీక్షనాళికలో నీలంరంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫరస్ ఉన్నట్టు లెక్క. ఆ ప్రాక్టికల్ పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. అప్పట్లో మార్కులకోసం బట్టీపట్టి, పరీక్ష అవగానే మరిచిపోయాను. ఇప్పుడు మా ఆడపడుచు తలరాత ఉన్న కాగితం మీద ఆ సుబ్బారావుగారే మళ్ళీ ఎదురయ్యారు!

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మనకు ఎంతో దూరం వారు కాదు. గోదావరికి ఆవలి వైపున భీమవరంలో 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు, చాలీచాలని సంసారం. పిల్లాడికి చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ళ వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయల్దేరాడు. వెంకమ్మగారు వెతికించి వెనక్కి రప్పించారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారికి గట్టెక్కాడు. తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. అందుకూ తల్లి ఒప్పుకోలేదు. ఆ తల్లి రెండుసార్లు అడ్డుపడకపోతే మనకు ఈ శాస్త్రవేత్త ఉండేవాడే కాదు. పరీక్ష తప్పిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని కుమిలిపోతున్న తల్లులకు ఈ ముక్క చెప్పాలనిపిస్తుంది నాకు.

మద్రాసు వైద్య కళాశాలలో చేరాక కూడా సుఖపడలేదు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు దుస్తులతో ఆపరేషను గదిలోకి వెళ్ళారని ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకు కోపం వచ్చింది. ఫలితం... ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకక మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ గడిపారు.

ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. తిన్నది వంటబట్టక, రక్తం క్షీణించి, విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బది. అప్పటికి దానికి మందు లేదు. ఆ మందు వెతకాలన్న పట్టుదల ఆయన్ని ఇక వదల్లేదు.

1919లో ఆయనకు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి శేషగిరిగారితో పెళ్ళయింది. అల్లుడి చదువుకు మామగారే అండ. ఆయన పోగుచేసిన డబ్బుతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయంతోనూ సుబ్బారావుగారు 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో పోయాడు. ఆయన 26 ఏళ్ళు అమెరికాలో ఉండి, ఒక్కసారి కూడా తిరిగిరాలేదు.

అక్కడ హార్వర్డులో పగలు చదువు. రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. మద్రాసులో చదివిన డాక్టరుకు అమెరికాలో దొరికిన కొలువు అది. తర్వాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగునుబట్టి కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. మేం డిగ్రీలో చేసిన ప్రాక్టికల్ అదే.

అదే పద్ధతిలో కండరం రసాన్ని పరీక్షిస్తుంటే ఓ తేడా కనిపించింది. నీలంరంగు వెంటనే రావాల్సినంత రాలేదు. కాసేపు ఆగితే మెల్లగా చిక్కబడింది. ఇంకెవరైనా అయితే ప్రయోగం పాడయిందని పారబోసి ఉందురు. ఎక్కడో దాక్కున్న ఫాస్ఫరస్ కొంచెం కొంచెంగా విడివడుతోందని వీళ్ళు పట్టుకున్నారు. అలా 1927లో బయటపడింది ఫాస్ఫోక్రియాటిన్. మరి రెండేళ్ళకు, 1929లో, ఏ.టి.పి. అనే ఇంకో పదార్థాన్నీ కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు.

మన ఆడవాళ్ళ లెక్కలో చెప్పాలంటే, ఏ.టి.పి. రోజువారీ ఖర్చుకు చేతిలో ఉండే డబ్బు. ఫాస్ఫోక్రియాటిన్ పోపులడబ్బాలో దాచుకున్న డబ్బు. చేతిలోది అయిపోగానే చటుక్కున అందులోంచి తీసి సర్దుతాం. కండరమూ అంతే చేస్తుంది, మెదడూ అంతే చేస్తుంది. మా ఆడపడుచు రిపోర్టులో క్రియాటిన్ అని రాసిన శిఖరం, క్రియాటినూ ఫాస్ఫోక్రియాటినూ కలిసి ఇచ్చే గుర్తే!

సుబ్బారావుగారు పరీక్షించింది శరీరంలోంచి తీసిన కండరాన్ని. కోయకుండా, గుచ్చకుండా బతికున్న కండరంలోనే దాన్ని చూడొచ్చని ఆయన ఊహించి ఉండరు. ఎమ్మారైకి మూలమైన అయస్కాంత సూత్రాన్ని 1946లో అమెరికాలో రెండు బృందాలు వేర్వేరుగా లోకానికి చెప్పాయి. అందులో ఒకటి పర్సెల్‌గారిది. ఆయన ఉన్నది సుబ్బారావుగారు అప్పటికి ఆరేళ్ళ క్రితం విడిచిపెట్టిన హార్వర్డులోనే. 1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రవేత్తలు ఆ సూత్రంతో ఎలుక కాలి కండరాన్ని పరీక్షిస్తే ఫాస్ఫోక్రియాటినూ, ఏ.టి.పి.యూ గీత మీద శిఖరాలుగా కనిపించాయి. 1994లో జర్మనీలో ఎదుగుదల సరిగాలేని ఓ పసివాడి మెదడుకి ఇదే పరీక్ష చేస్తే క్రియాటిన్ శిఖరం ఉండాల్సినచోట దాదాపు ఏమీ లేదట. శరీరం క్రియాటిన్ తయారు చేసుకోలేకపోవడమే జబ్బని అలా తెలిసింది. నోటిద్వారా క్రియాటిన్ ఇస్తే పిల్లవాడి స్థితి మెరుగుపడింది. ఒక గీత లేకపోవడమే వాడికి దారి చూపించింది!

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అక్కడి పరిశోధన అంతటికీ పెద్ద అయ్యారు. చిన్నప్పటి పట్టుదల అక్కడ ఫలించింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరుల్ని మింగిన స్ప్రూకి అది పనిచేసింది. కానీ అప్పటికి వాళ్ళు పోయి ఎన్నాళ్ళయిందని!

ఫోలిక్ ఆమ్లం కథలో మన దేశపు గర్భిణులకూ భాగముంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, అక్కడి గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం మందని 1931లో చెప్పారు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం అని తర్వాత తేలింది. పాలకూర, తోటకూర, పప్పుదినుసుల్లో ఉండే పోషకం ఇదే.

దీనికీ మెదడుకీ ఉన్న సంబంధం మనమంతా తెలుసుకోవాల్సింది. కడుపులో పడిన పిండానికి మెదడూ వెన్నుపామూ ఒక గొట్టంలా మొదలై, నాలుగు వారాలు నిండేలోపే మూసుకోవాలి. మూసుకోకపోతే వెన్ను తెరుచుకుని ఉన్న పిల్లలు, కొన్నిసార్లు కపాలమే ఏర్పడని పిల్లలు పుడతారు. అలాంటి కాన్పు ఒకసారి అయిన తల్లులకు మళ్ళీ గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ లోపం 72 శాతం తగ్గిందని 1991లో ఇంగ్లండు వారి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద పరిశీలనలో రుజువైంది. తల్లి రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే గుర్తు చూసీ, కడుపు మీద స్కాను తీసీ ఈ లోపాన్ని కనిపెట్టవచ్చు. కానీ కనిపెట్టడంకన్నా రాకుండా చూసుకోవడం మేలు కదా! నెల తప్పిందని తెలిసేసరికే ఆ నాలుగు వారాలు దగ్గరపడుతుంటాయి. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటినుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోమంటున్నారు. ముందు కాన్పులో లోపం ఉన్నవాళ్ళకు మోతాదు ఎక్కువ కావాలి. డాక్టరుని అడిగి వేసుకోవాలి.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందుల్ని కూడా ఆయన బృందమే తయారు చేసింది. వాటిలో ఒకదాన్ని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు బోస్టన్‌లో రక్త క్యాన్సరున్న 16 మంది పిల్లలకిస్తే పదిమందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్. రక్త క్యాన్సరు మెదడుకి పాకకుండా పిల్లలకు వెన్నులోకి ఎక్కించేదీ, మెదడులో పుట్టే ఒకరకం లింఫోమాకి పెద్ద మోతాదులో ఇచ్చేదీ ఈనాటికీ అదే. ఇక బోదకాలుకి మనందరికీ ఇంటింటికీ వచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా సుబ్బారావుగారి హయాంలో 1947లో వచ్చినదే. కోనసీమలో బోదకాలు ఎరుగని ఊరుందా!

1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన వెళ్ళిపోయారు. వయసు 53. నోబెల్ రాలేదు. బతికుండగా పేరూ పెద్దగా రాలేదు. నూరేళ్ళ పుట్టినరోజు సందర్భంగా 1995లో మన తపాలాశాఖ ఒక బిళ్ళ వేసింది.

ఆయన గురించి చదివినప్పుడల్లా నా మనసు శేషగిరిగారి దగ్గర ఆగిపోతుంది. లోకానికి ఇంత మేలు చేసిన మనిషి ఆమెకు మాత్రం దక్కలేదు. ఆయన గొప్పతనాన్ని చెప్పేటప్పుడు ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కూడా చెప్పుకోవడం న్యాయం అనిపిస్తుంది. క్రియాటిన్ శిఖరాన్ని నిలకడగా ఉంటుందని నమ్మి రాయిలా వాడతారు గానీ, కొన్ని గడ్డల్లో అదీ తగ్గిపోతుందనీ, అందుకే దాన్నొక్కదాన్నే నమ్మకూడదనీ డాక్టరుగారు చెప్పారు. నిలకడగా ఉన్నవాళ్ళలో ఏమీ తగ్గలేదని మనమే అనుకుంటాం.

మా ఆడపడుచు సంగతి చెప్పనేలేదు కదూ! క్రియాటిన్‌తో పోలిస్తే కోలీన్ పెద్దగా లేవలేదు. కరెంటు ప్రభావమే కావచ్చు, తొందరపడి తల తెరవొద్దు, మూడు నెలలకు మళ్ళీ చూద్దాం అన్నారు. మూడు నెలలయ్యాక తీయించిన స్కానులో మచ్చ కాస్త చిన్నదయింది. ఇంకా కనిపెట్టుకునే ఉండాలి. ఆ కబురు విన్న సాయంత్రం గుడికి వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. మా వినాయకుడి దగ్గర పరీక్షలముందు పిల్లలకు పెన్నులు పంచుతారు. ఆ పెన్నులకోసం వచ్చే పిల్లల్లో మూడోసారి పరీక్ష రాసేవాడు కూడా ఉంటాడు. వాణ్ణి తిట్టకండమ్మా!