ఆవిరియంత్ర సంస్కర్త జేమ్స్ వాట్

యంత్రంలో మార్పు చేయడం వేరు. ఆ మార్పు వల్ల లాభం కలిగిందని నిరూపించడం వేరు. మొదటిదానికి నేర్పు చాలు. రెండవదానికి నేర్పుతోపాటు ఓర్పు, నిజాయితీ, లెక్క కావాలి. నేడు ఒక లారీ యజమాని తన బండి ఇంజనులో ఏదైనా మార్పు చేయించదలచినప్పుడు బలం పెరుగుతుందా, డీజిల్ కలిసివస్తుందా, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని ఆలోచిస్తాడు. రెండున్నర శతాబ్దాల క్రితం ఇదే ప్రశ్నను ఆవిరియంత్రం విషయంలో ఎదుర్కొని, దాని సమాధానం మీదనే తన బతుకును నిలుపుకొన్నవాడు జేమ్స్ వాట్.

పొయ్యి మీద కాగుతున్న నీళ్ళపాత్ర మూత ఎగిరిపడడం చూసి బాలుడైన వాట్ ఆవిరియంత్రాన్ని కనిపెట్టాడన్న కథ లోకంలో ప్రచారంలో ఉంది. కథ ముచ్చటైనదే గాని చరిత్రకు నిలవదు. వాట్ పుట్టడానికి ఇరవైనాలుగేళ్ళ ముందే, 1712లో, థామస్ న్యూకమెన్ అనే ఆంగ్లేయుడు గనులలోని నీటిని తోడే ఆవిరియంత్రాన్ని నిర్మించాడు. వాట్ చేసినది ఆ యంత్రాన్ని సంస్కరించడం. అయితే ఆ సంస్కరణ నూతన సృష్టికి ఏమాత్రం తీసిపోనిది.

జేమ్స్ వాట్ 1736 జనవరి 19న స్కాట్లండులోని గ్రీనాక్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి ఓడల పనిలోను, వర్తకంలోను ఆరితేరినవాడు. వాట్ చిన్ననాటి నుండి అనారోగ్య పీడితుడు. తరచు తలనొప్పితో బాధపడేవాడు. అందువల్ల తొలి చదువు తల్లి వద్ద ఇంటిలోనే సాగింది. తండ్రి కర్మశాలలోని పనిముట్లు అతనికి ఆటవస్తువులయ్యాయి. సూక్ష్మమైన పరికరాలను తయారుచేసే విద్యను అభ్యసించడానికి అతడు 1755లో లండను వెళ్ళి, ఏడాది పాటు ఆకలికి, చలికి ఓర్చి పని నేర్చుకొన్నాడు. తిరిగి వచ్చి గ్లాస్గో నగరంలో దుకాణం పెట్టుకోబోతే అక్కడి వృత్తిసంఘం వారు నియమానుసారం ఏడేళ్ళ శిష్యరికం చేయలేదని అడ్డుపడ్డారు. అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయం అతనికి తన ఆవరణలో చోటిచ్చి ఆదుకొన్నది. 1757 నుండి అక్కడి పరికరాలను బాగుచేస్తూ, జోసెఫ్ బ్లాక్ వంటి శాస్త్రవేత్తల మైత్రిని సంపాదించుకొన్నాడు.

1763-64 శీతకాలంలో న్యూకమెన్ యంత్రపు చిన్న నమూనా ఒకటి మరమ్మతు కోసం వాట్ చేతికి వచ్చింది. దానిని సరిచేసి నడిపితే కొద్దిసేపటికే ఆగిపోయేది. పాత్రలో పుట్టిన ఆవిరి దాని ఆకలికి చాలేది కాదు. ఎందుకిలా జరుగుతున్నదని వాట్ పరిశోధించాడు. న్యూకమెన్ యంత్రంలో ముందుగా సిలిండరు ఆవిరితో నిండుతుంది. ఆపైన అందులోకే చన్నీళ్ళు చిమ్ముతారు. ఆవిరి చల్లబడి నీరై, లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి బరువుకు పిస్టన్ కిందికి దిగుతుంది. ఆ కదలికతోనే గనిలోని నీరు పైకి వస్తుంది. కాని చన్నీళ్ళు ఆవిరితోపాటు సిలిండరును కూడ చల్లబరుస్తాయి. మరుసటి విడత వచ్చే ఆవిరిలో అధికభాగం ఆ లోహాన్ని తిరిగి వేడిచేయడానికే ఖర్చయిపోతుంది. దాదాపు నాలుగింట మూడు వంతుల ఆవిరి ఈ విధంగా వ్యర్థమవుతున్నదని వాట్ గ్రహించాడు.

సిలిండరు ఎల్లప్పుడు వేడిగా ఉండాలి. ఆవిరి మాత్రం చల్లబడాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు అవసరాలను ఒకేచోట తీర్చడం ఎలా? రెండేళ్ళు వేధించిన ఈ చిక్కు 1765లో ఒక ఆదివారం గ్లాస్గో పచ్చికబయలులో నడుస్తుండగా విడిపోయింది. ఒకేచోట తీర్చనవసరం లేదు! ఆవిరిని వేరొక పాత్రలోకి పంపి అక్కడ చల్లబరిస్తే సిలిండరు వేడి చెక్కుచెదరదు. ఈ విడి పాత్రయే కండెన్సరు. 1769లో వాట్ దీనికి పేటెంటు హక్కు పొందాడు.

ఊహ ఒక్క నడకలో వచ్చింది. ఆచరణకు పదేళ్ళకు పైగా పట్టింది. పిస్టను పక్కల నుండి ఆవిరి కారకుండా గుండ్రంగా సిలిండరును చెక్కగల పనివారు ఆనాడు లేరు. చేతిలో డబ్బు లేదు. కుటుంబ పోషణ కోసం వాట్ కాలువల సర్వే పనులకు వెళ్ళాడు. పెట్టుబడి పెట్టిన జాన్ రోబక్ 1773లో దివాలా తీశాడు. అదే ఏడాది వాట్ దూరప్రాంతంలో సర్వే చేస్తుండగా భార్య మార్గరెట్ ప్రసవంలో కన్నుమూసింది. ఈ ప్రయత్నమంతా వృథాయేమోనన్న నిరాశ అతనిని పలుమార్లు ఆవరించింది.

1774లో వాట్ బర్మింగ్‌హామ్ చేరడంతో జీవితం మలుపు తిరిగింది. అక్కడి పారిశ్రామికవేత్త మాథ్యూ బౌల్టన్ అతనికి భాగస్వామి అయ్యాడు. వాట్ సందేహి, బౌల్టన్ సాహసి. ఒకరి కొరతను మరొకరు తీర్చారు. ఫిరంగి గొట్టాలను తొలిచే కొత్త పద్ధతిని సాధించిన జాన్ విల్కిన్సన్ వారికి నిక్కమైన సిలిండర్లను అందించాడు. 1775లో పార్లమెంటు వాట్ పేటెంటును 1800 వరకు పొడిగించింది. 1776 నుండి కొత్త యంత్రాలు పనిలోకి దిగాయి.

ఇక ఈ యంత్రానికి వెల ఎంత? ఇక్కడే బౌల్టన్, వాట్‌లు విలక్షణమైన ఒప్పందాన్ని ముందుకు తెచ్చారు. యంత్రభాగాలకు, నిర్మాణానికి అయ్యే ఖర్చు గని యజమాని భరించాలి. ఆపైన, అదే పనిని పాత యంత్రంతో చేసి ఉంటే ఎంత బొగ్గు కాలేదో లెక్కకట్టి, మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతు వాట్, బౌల్టన్‌లకు చెల్లించాలి. రెండు వంతులు యజమానివే. ఆదా లేకపోతే చెల్లింపు లేదు. ఇంతకంటె నిష్కపటమైన బేరం ఏముంటుంది? లెక్కలో తగవు రాకుండా పాత యంత్రాల సామర్థ్యాన్ని పరీక్షించి ప్రమాణంగా తీసుకొన్నారు. కొత్త యంత్రం ఎన్నిసార్లు కదిలిందో లెక్కించే సాధనాన్ని తాళం వేసిన పెట్టెలో అమర్చారు.

ఈ యంత్రానికి ఎక్కువ ఆదరణ లభించినది కార్న్‌వాల్ ప్రాంతంలో. అక్కడ రాగి, తగరం గనులున్నాయి గాని బొగ్గు లేదు. వేల్స్ నుండి సముద్రం మీద ఓడలలో తెప్పించుకోవలసిందే. బొగ్గు వెల భరించలేక గనులు నీట మునిగే స్థితిలో ఉన్న యజమానులకు వాట్ యంత్రం ప్రాణం పోసింది. సాధారణమైన న్యూకమెన్ యంత్రంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు మిగిలేది. మరి బొగ్గు గనుల వద్ద ఏం జరిగింది? అక్కడ అమ్ముడుపోని బొగ్గు పొడి గుట్టలుగా పడి ఉండేది. దానిని ఆదా చేసి ఏం ప్రయోజనం? అందుచేత చాలా బొగ్గు గనులు న్యూకమెన్ యంత్రాలనే వాడుతూ వచ్చాయి. శతాబ్దం చివరి వరకు కొత్తవి కూడ నిర్మించుకొన్నాయి. వారు మూర్ఖులు కారు. యంత్రం ఒక్కటే అయినా, ఇంధనం వెలను బట్టి ఒకచోట వరమైనది మరొకచోట అనవసర వ్యయమవుతుంది.

కార్న్‌వాల్‌లోను కృతజ్ఞత చిరకాలం నిలవలేదు. మునిగే గని తేలిన నాడు మూడో వంతు స్వల్పంగా కనిపించింది. ఏటేటా చెల్లించవలసి వచ్చినప్పుడు అదే భారమనిపించింది. కొందరు చెల్లింపు నిలిపివేశారు. జోనథన్ హార్న్‌బ్లోయర్ వంటి నిపుణులు వేరే నిర్మాణాలతో ముందుకు వచ్చారు. వాట్ హక్కు వారికి అడ్డుగోడ అయింది. న్యాయస్థానాలలో వ్యాజ్యాలు ఏళ్ళ తరబడి నడిచి, 1799లో వాట్ పక్షాన ముగిశాయి. ఒకప్పుడు ముందడుగు వేసినవాడే తరువాతివారి అడుగులకు ఆటంకమయ్యాడన్న విమర్శను చరిత్రకారులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు.

ఈలోగా వాట్ తన యంత్రాన్ని మిల్లులు తిప్పేటట్లు మలిచాడు. 1781లో భ్రమణ చలనానికి, 1782లో పిస్టన్ ఇరువైపులా ఆవిరిబలం ఉపయోగించే పద్ధతికి హక్కులు పొందాడు. మిల్లులలో కొత్త యంత్రం తప్పించినది పాత యంత్రాన్ని కాదు, గుర్రాలను. కనుక బొగ్గు ఆదా లెక్క అక్కడ పనికిరాలేదు. అందుకని నిమిషానికి 33,000 పౌండ్ల బరువును అడుగు ఎత్తు లేపగల బలాన్ని ఒక గుర్రపు బలంగా నిర్ణయించాడు. అదే అశ్వసామర్థ్యం. నేటికీ లారీ ఇంజన్ల బలాన్ని ఆ పేరుతో చెప్పుకొంటున్నాము.

1800లో పేటెంటు గడువు తీరింది. వాట్ వ్యాపారం నుండి విరమించుకొన్నాడు. ప్రమాదకరమన్న భయంతో అతడు ఆవిరి పీడనాన్ని ఎక్కువగా పెంచడానికి ఇష్టపడేవాడు కాదు. రిచర్డ్ ట్రెవితిక్ తదితరులు ఆ హద్దును దాటారు. కార్న్‌వాల్‌లో 1811 నుండి ఏ గని యంత్రం ఎంత బొగ్గుతో ఎంత పని చేసిందో నెలనెలా అచ్చువేసి ప్రకటించసాగారు. ఆ పోటీలో యంత్రాల సగటు సామర్థ్యం 1840ల నాటికి మూడింతలకు మించింది. యంత్రాలు వాట్‌ను దాటిపోయాయి. బొగ్గును, పనిని తూచి చూసే అతని పద్ధతి మాత్రం నిలిచింది. 1819 ఆగస్టు 25న, ఎనభైమూడేళ్ళ వయసులో, బర్మింగ్‌హామ్ సమీపంలోని తన ఇంట వాట్ తుదిశ్వాస విడిచాడు. సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణానికి లోకం అతని పేరే పెట్టుకొన్నది.

నేటి లారీ యజమానికి వాట్ జీవితం ఇచ్చే సమాధానం అవును, కాదు అన్న ఒక్క మాటలో లేదు. అదే దారిలో, అదే బరువుతో, మార్పుకు ముందు ఎంత డీజిల్ కాలినది, తరువాత ఎంత కాలినది? ఆ తేడా వెల, మార్పుకైన ఖర్చును ఎన్నాళ్ళలో తీరుస్తుంది? వీటిని కొలిచిన తరువాత వచ్చేదే సమాధానం. మిగిలిన దానిలో మాత్రమే నా పాలు అని చెప్పగలిగిన ధైర్యం వాట్‌కు ఆ కొలత వల్లనే వచ్చింది.