సన్యాసి చేతిలో శూన్యం.. రేపటి కొలైడర్‌కూ అదే ప్రాణం!

యోగా గురించి చెప్పడానికి జర్మనీ వెళ్లారు. అణు భౌతిక శాస్త్రవేత్తగా తిరిగొచ్చారు. ఆయనే స్వామి జ్ఞానానంద.

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. కుర్రతనంలోనే ఇల్లు వదిలి హిమాలయాల బాట పట్టారు. 1927లో జర్మనీ చేరి, ఉపన్యాసాలిస్తూనే ఫిజిక్స్‌లో పడ్డారు. ముప్పై ఏళ్లు దాటిన సన్యాసి కుర్రాళ్ల పక్కన కూర్చుని పాఠాలు విన్నారంటే మాటలు కాదు.

డ్రెస్డెన్ తర్వాత ప్రాగ్. అక్కడ ఎక్స్-కిరణాలపై పరిశోధించి డాక్టరేట్ అందుకున్నారు. ఆపై లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాలపై పని. తర్వాత అమెరికా.

ఈ ప్రయోగాలన్నిటికీ ఒకటే తలనొప్పి.. గాలి! గొట్టంలో కాస్త మిగిలినా కణాలు దానికి తగిలి దారి తప్పుతాయి. కొలతలన్నీ చెడిపోతాయి. అందుకే గాలిని ఎలా తోడేయాలి, ఇంకా ఎంత మిగిలిందో ఎలా కొలవాలి అనే విషయంపైనే స్వామీజీ ‘హై వాకువా’ అనే పుస్తకం రాశారు. అది 1947లో అచ్చయింది.

స్వదేశానికి వచ్చాక కొన్నాళ్లు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశారు. 1950ల్లో విశాఖ వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో అణు భౌతిక శాస్త్ర విభాగానికి ప్రాణం పోశారు. అక్కడి పరిశోధనశాలకు ఇప్పటికీ ఆయన పేరే. 1969లో కన్నుమూశారు. ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టే తొలి యంత్రం అప్పటికి జెనీవా దగ్గర సెర్న్‌లో ఇంకా తయారవుతూనే ఉంది. దాని పరుగు ఆయన చూడలేదు.

అదే సెర్న్‌లో యంత్రం నడిచేటప్పుడు 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లు సెకనుకు 11 వేలకు పైగా చుట్లు తిరుగుతాయి. 2012లో హిగ్స్ బోసాన్ దొరికింది ఇక్కడే. ఆ చుట్లు గంటల తరబడి సాగాలంటే గొట్టంలో గాలి దాదాపు లేనట్టే ఉండాలి. స్వామీజీ తలనొప్పే, కాకపోతే సైజు పెరిగింది!

ఈ యంత్రం పని 2041 ప్రాంతంలో ముగుస్తుంది. ఆ తర్వాత 91 కిలోమీటర్ల వలయం కట్టాలన్నది ప్లాన్. అంటే చండ్రుగొండ, కొత్తగూడెం రెండూ లోపల పట్టేంత. తొలి దశ ఖర్చే దాదాపు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు. కొత్త కణం దొరుకుతుందన్న గ్యారెంటీ మాత్రం లేదు. అంత డబ్బు పెట్టాలా వద్దా అని శాస్త్రవేత్తలే రెండుగా చీలి వాదించుకుంటున్నారు. 2017 నుంచి సెర్న్‌లో మన దేశం అసోసియేట్ సభ్యురాలు. తుది నిర్ణయం 2028 ప్రాంతంలో రావొచ్చు.