లూయీ బ్రెయిలీ

చెప్పులు కుట్టువారి ఆరె మన ఓరుగల్లు పల్లెలలో ఎరుగనివారు లేరు. ఫ్రాన్సు దేశమున కూవ్రే గ్రామమందు 1809లో జన్మించిన లూయీకి 3 ఏండ్ల ప్రాయమున అట్టి ఆరెయే కంట గ్రుచ్చుకొనెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. పుండు రెండవ కంటికిని ప్రాకి, 5 ఏండ్లకు చూపంతయు పోయెను.

ఇది ఎవరి పాపమని యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అడిగిరి. మనమును అడుగుచునే యున్నాము. ఆ తండ్రియైతే చెక్కపై మేకులు కొట్టి, బిడ్డచేత అక్షరములు తడిమించెను.

10వ యేట లూయీ పారిసులోని అంధుల పాఠశాలకు పోయెను. అచ్చట పుస్తకములలో ఉబ్బెత్తు అక్షరములుండెను. చదువుట మిక్కిలి ఆలస్యము, వ్రాయుట కుదరదు. బార్బియే దొర కనిపెట్టిన 12 చుక్కల వ్రాతను లూయీ 6 చుక్కలకు తగ్గించెను. అవి ఒక్క వ్రేలికొన క్రింద ఇముడును. అప్పటికి ఆయనకు 15 ఏండ్లే. చుక్కలు పొడుచు పనిముట్టును ఆరె వంటిదే!

పెద్దలు చాలకాలము ఒప్పుకొనలేదు, పిల్లలు చాటుగా నేర్చుకొనిరి. ఉపాధ్యాయుడై, దేవాలయమున ఆర్గను వాయించుచు, ఆయన 1852లో క్షయతో మరణించెను. పాఠశాల ఆ లిపిని అంగీకరించినది 1854లో.

చూపులేని బిడ్డ బడికి పోక ఇంటనే యున్నచో సంఘపెద్దలు విచారింతురు గాక. 1951లో భారతి బ్రెయిలీ ఏర్పడగా మన తెలుగును ఆ చుక్కలలోనికి వచ్చెను. అందు అకారమునకు ఒక్క చుక్క చాలును.