నదీతీరపు గురువు: స్టీవ్ ఫెయిర్‌బెర్న్

గురువు అనగానే మనకు తరగతి గది, నల్లబల్ల, పాఠ్యగ్రంథాలు స్ఫురిస్తాయి. నదీతీరాన్నే తరగతిగా, పడవనే పాఠ్యగ్రంథంగా చేసుకొని ఎందరో విద్యార్థులను తీర్చిదిద్దినవాడు స్టీవ్ ఫెయిర్‌బెర్న్.

ఆయన 1862లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. పాఠశాల విద్య ముగించుకొని 1881లో ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని జీసస్ కళాశాలలో ప్రవేశించాడు. ఆక్స్‌ఫర్డుతో ఏటా జరిగే సుప్రసిద్ధమైన పడవపందెంలో 1882, 1883, 1886, 1887 సంవత్సరాలలో కేంబ్రిడ్జి పక్షాన తెడ్డు వేశాడు. మొదటి రెండుసార్లు ఓటమి, తరువాతి రెండుసార్లు విజయం లభించాయి. న్యాయశాస్త్రం చదివినా ఆ వృత్తి చేపట్టలేదు. కొంతకాలం స్వదేశంలో గడిపి, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో మరల ఇంగ్లండు చేరి, తన కళాశాల జట్లకు శిక్షణ ఇవ్వసాగాడు.

ఆనాటి శిక్షణలో రూపానికే ప్రాధాన్యం. ఎనిమిదిమంది తెడ్లు వేసే పడవలో వెన్నులు నిటారుగా ఉన్నవా, దేహాలన్నీ ఒకే తీరున వంగుతున్నవా అని శిక్షకులు పరిశీలించేవారు. పడవలోని పీటలు కదలని కాలంలో పుట్టిన పద్ధతి అది. 1870 తరువాత ముందుకూ వెనుకకూ జారే పీటలు వాడుకలోకి వచ్చాయి. కాళ్ళతో గట్టిగా తన్ని, ఆ బలాన్ని తెడ్డుకు అందించే వీలు కలిగింది. అయినా బోధన మాత్రం పాతదారినే నడిచింది.

ఫెయిర్‌బెర్న్ ఈ లోపాన్ని గ్రహించాడు. ఆయన చూపు మనిషి భంగిమపై కాక, నీటిలోని తెడ్డుపై నిలిచింది. పడవ సాగుతున్నదా అన్నదే ఆయనకు ముఖ్యం. దేహాన్ని బిగించుకోక సహజంగా కదలనివ్వాలనీ, తొందరపడక దూరాలు పదేపదే నడిపితేనే నేర్పు అబ్బుతుందనీ బోధించాడు. సంప్రదాయవాదులు దీనిని వికారమైన పద్ధతిగా గర్హించారు. వాదోపవాదాలు దశాబ్దాలపాటు సాగాయి. ఆయన మాత్రం తన మార్గం వీడక, గ్రంథాలు రచించి, లండన్‌లోని క్లబ్బులకు సైతం శిక్షణ ఇచ్చాడు.

శీతకాలంలో జట్లు సాధన మానకుండా ఉండటానికి, 1926లో థేమ్స్ నదిపై మోర్ట్‌లేక్ నుండి పట్నీ వరకు, సుమారు 6.8 కిలోమీటర్ల పందేన్ని ఆయన ప్రారంభించాడు. ఉత్తమ జట్లతో పాటు సామాన్య జట్లకూ అందులో చోటు కల్పించాడు. గెలుపు కంటె, అందరూ నదిలోకి దిగి దూరం నడపడమే ఆయనకు ప్రధానం. ఆ పందెంలో నేడు వందలాది జట్లు పాల్గొంటున్నాయి. విజేతలకు లభించే బహుమతి ఆయన ప్రతిమయే.

1938లో ఆయన కన్నుమూశాడు. ఆయన చితాభస్మం జీసస్ కళాశాలలోనే నిక్షిప్తమైనది.

మెరికలవంటి కొందరిని ఏరి పతకాలు తెచ్చుకొనుట సులభం. సామాన్య విద్యార్థి చేతికి తెడ్డు అందించి, వాని తీరు చూసి నవ్వక, వాని శ్రమ ఫలించునట్లు చేయుట కష్టం. విద్యార్థులకూ, కళాశాలలను నడిపే పెద్దలకూ ఫెయిర్‌బెర్న్ జీవితం అందించే సందేశమిదే.